సర్దడం, పేర్చడం, పునర్వ్యవస్థీకరించడం: ఏ మాట ఎక్కడ
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పత్రికల్లో పనిచేసేవాళ్లు, అనువాదకులు, తెలుగు చదువుకుంటున్న విద్యార్థులు ఉన్న సభ ఇది. పీఠిక అక్కర్లేదు, నేరుగా మాటలోకి వెళదాం.

సర్దు. రెండక్షరాల క్రియ. నిఘంటువు తెరిస్తే వరసలో పెట్టడం, సవరించడం అన్న అర్థాలు దొరుకుతాయి. తప్పేం లేదు. కానీ ఆ అర్థాన్నే పట్టుకుని వాడకాన్ని చూడబోతే మొదటి అడుగులోనే తడబడతాం. ‘ఓ రెండు వేలు సర్దగలరా’ అని అడిగినప్పుడు అందులో వరస ఎక్కడుంది? బస్సులో ‘కాస్త సర్దుకుని కూర్చోండి’ అంటాం. గొడవపడ్డ ఇద్దరికి ‘సర్దిచెప్పి’ పంపిస్తాం. పార్టీల మధ్య ‘సీట్ల సర్దుబాటు’ కుదురుతుంది. వీటన్నిటినీ కలిపే దారం చోటు. చోటు ఎంతో ముందే తెలుసు, అది పెరగదు. అందులో పట్టాల్సినవి కూడా దాదాపు అవే. వాటిని అటూ ఇటూ జరిపి ఆ చోట్లో ఇమిడ్చే పనికి సర్దడం అని పేరు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా వాడకాలన్నీ వాటంతటవే విడిపోతాయి. సర్దుకీ పునర్వ్యవస్థీకరణకీ తేడా కూడా అక్కడే తేలుతుంది.

ముందు పక్కింటి క్రియల సంగతి చూద్దాం. పుస్తకాలు సర్దాడు. పుస్తకాలు పేర్చాడు. పుస్తకాలు అమర్చాడు. పుస్తకం కూర్చాడు. నాలుగు వాక్యాలకీ నాలుగు వేరువేరు బొమ్మలు కళ్లముందుకొస్తాయి. మొదటి దాంట్లో పుస్తకాలు అంతకుముందు చిందరవందరగా ఉన్నాయి, ఇప్పుడు ఉండాల్సిన చోటికి చేరాయి. రెండో దాంట్లో ఒకదాని మీద ఒకటి, లేదా ఒకదాని పక్కన ఒకటి దొంతరగా లేచాయి. అవి అంతకుముందు చెదిరి ఉన్నాయా లేదా అన్నది ఆ వాక్యం చెప్పదు. మూడో దాంట్లో ఎవరో ఆలోచించి, ఏది ఎక్కడుంటే బాగుంటుందో చూసి, దేని చోటు దానికి కేటాయించారు. నాలుగోదానికి అసలు అలమరాతో పనే లేదు. వేరువేరు రచనలు తెచ్చి ఒక గ్రంథంగా చేశారు.

ఈ తేడాలు పుట్టిన చోటు వెతికితే ఇంకా స్పష్టమవుతాయి. పేర్చు అనేది పేరు అనే క్రియకు ప్రేరణ రూపం. నెయ్యి పేరుకుంటుంది, దుమ్ము పేరుకుంటుంది, బకాయిలు పేరుకుపోతాయి. పొర మీద పొర చేరడం అందులో ఉంది. అందుకే ఇటుకలు పేరుస్తారు, కట్టెలు పేరుస్తారు, బతుకమ్మను పేరుస్తారు. అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా పూల వరసలు లేస్తాయి కనక అక్కడ ఇంకో క్రియ నిలవదు. ‘బతుకమ్మను అమర్చారు’ అని అచ్చులో కనిపిస్తే రాసినవారు ఆ పని దగ్గరనుంచి చూడలేదని తెలిసిపోతుంది. అమర్చు కూడా ఇలాంటిదే: అమరు, అమర్చు, అమరిక. ఒకసారి కుదిరాక కదలకూడదన్న ఆశ అందులో ఉంది. కెమెరాలు అమరుస్తారు, గుండెకు పేస్‌మేకర్ అమరుస్తారు. కూర్చు దగ్గర విడివిడి వస్తువులు కలిసి కొత్త వస్తువు పుడుతుంది. దండ, వాక్యం, గ్రంథం అన్నీ అలా వచ్చినవే. అచ్చుపనిలో అక్షరాల కూర్పు అన్నదీ అందుకే.

ఇక్కడ వ్యాకరణం ఒక మంచి ఆధారం ఇస్తుంది. బట్టలు సర్దాను అంటాం. బీరువా సర్దాను అని కూడా అంటాం. రెండూ ఒకే పని. మొదటి వాక్యంలో కర్మ వస్తువు, రెండో వాక్యంలో కర్మ ఆ వస్తువులుండే చోటు. గది సర్దాను, బల్ల సర్దాను, సంచి సర్దాను, అన్నీ చెల్లుతాయి. అదే పేర్చుతో ప్రయత్నించండి. బట్టలు పేర్చాను అనొచ్చు. బీరువా పేర్చాను అంటే ఎన్నో బీరువాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించినట్టు ఉంటుంది. అమర్చుతోనూ అంతే, గదిని అమర్చాను అంటే అంతగా పలకదు. చోటుని కర్మగా తీసుకునే వీలు ఈ గుంపులో సర్దుకే ఇంత ధారాళంగా ఉంది. చోటు గురించిన క్రియ అని నేననడానికి ఇదే మొదటి సాక్ష్యం.

ఇంకో సంగతి. ‘ఒక పుస్తకం సర్దాను’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. సర్దడానికి ఒకటి చాలదు, నాలుగైనా ఉండాలి. కానీ కళ్లజోడు సర్దుకున్నాడు, పైట సర్దుకుంది అంటే ఏ ఇబ్బందీ లేదు. అక్కడ ఒంటి మీద దానికో చోటు ఉంది, అది అక్కణ్నుంచి జారింది, మళ్లీ అక్కడికే చేరింది. అలాంటిచోట సవరించుకున్నాడు అన్నా చెల్లుతుంది. గొంతు మాత్రం సవరించుకోవాల్సిందే, సర్దుకోలేం.

పక్కన వచ్చే మాటలు కూడా క్రియను బట్టి మారతాయి. ఒద్దికగా సర్దింది, పొందికగా అమర్చింది, వరసగా పేర్చింది. ఈ జతలు మార్చి రాస్తే తప్పని ఎవరూ కొట్టేయరు గానీ, వాక్యంలో ఎక్కడో బిగువు సడలుతుంది. ప్రూఫులు దిద్దేవాళ్లు ఇలాంటివి పట్టుకుంటే నాకు సంతోషం.

ఇప్పుడు సర్దుకొను. ‘కొను’ చేరితే వ్యాకరణాలు ఆత్మార్థకం అంటాయి, ఫలితం తనకే చెందుతుందని. బట్టలు సర్దుకున్నాడు అంటే తనవి, తన కోసం. ఆ ఒక్క పనితో అది ఆగదు. ‘సర్దుకుని కూర్చోండి’ అన్నప్పుడు కర్మ లేదు. సర్దాల్సిన వస్తువు ఆ మనిషే. ‘పరిస్థితి సర్దుకుంది’ అన్నప్పుడు చేసేవాడే లేడు, దానంతటదే కుదుటపడింది. ఒకే రూపానికి మూడు పనులు. పరభాషలోకి అనువదించేటప్పుడు ఎక్కువ తప్పులు జరిగేది మూడోదాంట్లో. పరిస్థితి సర్దుకుంది అంటే బాగుపడింది అని రాసేస్తారు. బాగుపడితే చక్కబడింది అంటాం. సర్దుకుంది అంటే ఉన్న హద్దుల్లో మళ్లీ ఇమిడింది, అంతే. ధరలు దిగకపోయినా సంసారం సర్దుకోవచ్చు.

‘పోవు’ చేరితే ఇంకో మెట్టు. సర్దుకుపోవడం. ఇక్కడ ‘తో’ విభక్తిని జాగ్రత్తగా చూడండి. ‘ఉన్నదాంతో సర్దుకో’ అన్నప్పుడు తో సాధనం, చేతిలో ఉన్నది వాడి పని గడుపుకోమని. ‘అతనితో సర్దుకుపో’ అన్నప్పుడు తో సహవాసం, అతని పద్ధతికి నువ్వే కాస్త కుంచించుకోమని. సర్దుకోవడంలో తెలివి ఉంది, సర్దుకుపోవడంలో నష్టం ఉంది. ఆ నష్టం ఎవరి వంతుకు వస్తోందో వాక్యమే చెప్పేస్తుంది, కర్త ఎవరైతే వాళ్లది. ‘ఇద్దరూ సర్దుకుపోవాలి’ అన్న హితవులో న్యాయం ఉంటుంది. ‘నువ్వు సర్దుకుపోవాలి’లో అది ఉండదు. ఉన్నదాంతో ‘సరిపెట్టుకో’ అనేది మళ్లీ వేరు. అది మనసుకు చెప్పేది, సర్దుకో అనేది చేతులకు చెప్పేది.

మూటాముల్లె సర్దుకుని, తట్టాబుట్టా సర్దుకుని, పెట్టేబేడా సర్దుకుని. మూడు జాతీయాలకీ ఒకే క్రియ. తీసుకెళ్లే చోటు చిన్నది, ఉన్న సామానంతా అందులో పట్టాలి. ఇంకో క్రియ అక్కడ నిలబడదు.

డబ్బు సంగతి చెప్పి ఆఫీసుల్లోకి వెళదాం. ‘అప్పు ఇస్తారా’ అంటే వడ్డీ, గడువు, కాగితం గుర్తుకొస్తాయి. ‘సర్దుతారా’ అంటే ఇవేవీ ఉండవు. మీ సంచిలో ఉన్నది కొద్దిరోజులు నా సంచిలోకి జరుగుతుంది. దానికి నామవాచకం చేబదులు. ‘నిధులు సమకూర్చారు’ అంటే నాలుగు చోట్లనుంచి పోగుచేశారని. బ్యాంకు కోట్ల రుణం ఇస్తే ‘సర్దింది’ అని శీర్షికలో రాయడం చమత్కారానికైతే సరే. మామూలు వార్తలో కుదరదు.

సర్దుబాటు అనే నామవాచకం ఎలా వచ్చింది? పడు నుంచి పాటు, అది సమాసంలో బాటుగా మెత్తబడింది. కట్టుబాటు, దిద్దుబాటు, తిరుగుబాటు, ఎడబాటు, సర్దుబాటు. ఈ మాట ప్రభుత్వ భాషలోకి, లెక్కల్లోకి చక్కగా దిగింది, అర్థం ఎక్కడా చెడలేదు. కొన్ని చూడండి.

వాణిజ్యశాస్త్రంలో ముగింపు లెక్కలు వేసేటప్పుడు సర్దుబాట్లు ఉంటాయి. చెల్లించాల్సిన జీతాలు, ముందే కట్టిన బీమా, తరుగుదల, ముగింపు సరుకు. అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్, బయట ఇచ్చిన ప్రతి సర్దుబాటూ రెండు చోట్ల కనిపించాలి. ఒక చోట రాసి రెండోది మరిస్తే ఆస్తి అప్పుల పట్టీ కలవదు. ఇవి తప్పులు దిద్దడం కావు. ఏ ఖర్చు ఏ సంవత్సరపు ఖాతాలో ఇమడాలో చూసి జరపడం. లెక్క రాసేటప్పుడే తప్పు జరిగితే దాన్ని సరిచేయడానికి వేరే పాఠం, వేరే మాట ఉన్నాయి: తప్పుల సవరణ. పాఠ్యపుస్తకాలు ఈ రెంటినీ విడిగా ఉంచాయి. పత్రికలు చాలాసార్లు కలిపేస్తున్నాయి.

కరెంటు బిల్లుల్లో ఇంధన సర్దుబాటు ఛార్జీ అని విన్నారు. ముందు వేసిన అంచనా ఖర్చుకీ, నిజంగా అయిన ఖర్చుకీ ఉన్న తేడాను తర్వాతి బిల్లుల్లో ఇమడ్చడం అది. సూత్రప్రకారం ఆ తేడా అటైనా ఇటైనా ఉండొచ్చు. ‘ఛార్జీల పెంపు’ అని రాస్తే వేరే విషయం అవుతుంది, ఎందుకంటే టారిఫ్ మారడం వేరు.

బడుల్లో ఉపాధ్యాయుల పని సర్దుబాటు ఉంటుంది. పిల్లలు ఎక్కువగా, ఉపాధ్యాయులు తక్కువగా ఉన్న బడికి పక్క బడి నుంచి ఒకరిని తాత్కాలికంగా పంపిస్తారు. ఆయన పోస్టు పాత బడిలోనే ఉంటుంది, జీతమూ అక్కణ్నుంచే వస్తుంది. హేతుబద్ధీకరణ అన్నప్పుడు ఏకంగా పోస్టే ఒక బడి నుంచి ఇంకో బడికి మారుతుంది. బదిలీలో పోస్టులు ఎక్కడివి అక్కడే ఉంటాయి, మనిషే ఒక పోస్టు వదిలి ఇంకో పోస్టుకు వెళతాడు. మూడు మాటలు, మూడు పనులు. ‘సర్దుబాటు పేరుతో బదిలీలు’ అని శీర్షిక పెట్టాలంటే అలా జరిగిందని ఆధారం ఉండాలి. అది ఆరోపణ.

సీట్ల సర్దుబాటు చూడండి. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తెలుగుదేశం 144, జనసేన 21, భాజపా 10 స్థానాలు పంచుకున్నాయి. కలిపితే 175. మొత్తం అంకె కదలదు. ఒకరికి పెంచాలంటే ఇంకొకరు తగ్గాలి. సర్దు అనే క్రియకు ఇంతకన్నా సరైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక పెద్దమాట. పునర్వ్యవస్థీకరణ.

ముందు దాని కట్టడం చూద్దాం. పునః, వ్యవస్థ, కరణం. మధ్యలో ‘ఈ’ ఎక్కణ్నుంచి వచ్చింది? సంస్కృతంలో చ్వి అనే ప్రత్యయం ఉంది. అంతకుముందు అలా లేనిది అలా కావడాన్ని చెబుతుంది. అది చేరితే మాట చివర ఉన్న అకారం, ఆకారం ఈకారమవుతాయి. స్పష్టం కానిది స్పష్టమైతే స్పష్టీకరణ, ఒకటి కానివి ఒకటైతే ఏకీకరణ. ఈ సూత్రం తెలిస్తే ఇంకో తప్పు కూడా పోతుంది. ఆధునిక నుంచి రావాల్సింది ఆధునికీకరణ. ‘ఆధునీకరణ’ అని రాస్తే మధ్యలో ‘క’ మింగేసినట్టు. ప్రైవేటీకరణలో ఇంగ్లీషు మాటకు కూడా ఇదే తోక తగిలించాం. అది స్థిరపడిపోయింది, నాకేం అభ్యంతరం లేదు.

పునః దగ్గర సంధి చూడాలి. అచ్చులు, మెత్తని హల్లులు వస్తే రేఫ, అంటే ‘ర్’, వస్తుంది: పునరుద్ధరణ, పునర్నిర్మాణం, పునర్విభజన, పునర్వ్యవస్థీకరణ. క, ప లాంటివి వస్తే విసర్గ నిలుస్తుంది: పునఃప్రారంభం, పునఃపరిశీలన. చ వస్తే శకారం: పునశ్చరణ. ‘పునర్‌ప్రారంభం’ అనేది తప్పు రూపం. ఇంకో జబ్బు టైపింగు వల్ల వచ్చింది. విసర్గకు బదులు కీబోర్డు మీద ఉన్న రెండు చుక్కల విరామ చిహ్నం కొడుతున్నారు. కంటికి ఒకేలా కనిపిస్తుంది. కంప్యూటరుకు మాత్రం అది అక్షరం కాదు. ఎవరైనా పునఃప్రారంభం అని వెతికితే మీ వార్త దొరకదు. మాట మధ్యలో పంక్తి విరిగిపోయే ప్రమాదమూ ఉంది.

పునర్వ్యవస్థీకరణలో ‘ర్వ్య’ మూడు హల్లుల కలయిక. అందులో యకారం జారిపోయి ‘పునర్వవస్థీకరణ’ అవుతుంది. ‘స్థీ’ కాస్తా ‘స్తీ’ అవుతుంది. ప్రూఫు చూసేవాళ్లు ఆ రెండు చోట్లా ఆగి చూస్తే చాలు. ‘తిరిగి పునర్వ్యవస్థీకరించారు’ అన్నదాంట్లో తిరిగి అనవసరం, పునః చెప్పింది అదే. ‘పునర్వ్యవస్థీకరించబడింది’ అనే బదులు ఎవరు చేశారో చెప్పి ‘పునర్వ్యవస్థీకరించారు’ అంటే సరిపోతుంది.

అర్థానికొస్తే, సర్దడంలో చోటు స్థిరం, వస్తువులు కదులుతాయి. పునర్వ్యవస్థీకరణలో చోటు గీతలే మారతాయి. రాజ్యాంగం 3వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చిన అధికారాలు అవే: కొత్త రాష్ట్రం ఏర్పరచడం, విస్తీర్ణం పెంచడం, తగ్గించడం, సరిహద్దు మార్చడం, పేరు మార్చడం. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంతో ఆ నవంబరు 1 నుంచి 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు వచ్చాయి. అందులో కలపడమూ ఉంది, విడదీయడమూ ఉంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టాన్ని మనం వాడుకలో విభజన చట్టం అంటాం. జరిగిన దాంట్లో ప్రధానమైన పని విభజన కాబట్టి మాటల్లో అది తప్పు కాదు. చట్టం పేరు ఉటంకించేటప్పుడు మాత్రం పూర్తి పేరే రాయాలి. ఆ చట్టంలో రాష్ట్రాన్ని విడదీయడంతో పాటు ఆస్తుల పంపకం, ఉద్యోగుల కేటాయింపు, నీళ్లు, ఉన్నత విద్య అన్నీ ఉన్నాయి. విభజన అన్న మాట వాటన్నిటినీ మోయలేదు. పోలవరం ముంపు మండలాల కోసం అదే ఏడు ఆ చట్టాన్ని మార్చారు. దానిపేరు సవరణ. పునర్వ్యవస్థీకరణ చట్టానికి సవరణ, మాటలు రెండూ వాటి వాటి చోట్లో ఉన్నాయి.

జిల్లాల విషయంలో రెండు మాటలూ తిరుగుతున్నాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటతో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఒక్కో జిల్లాను అడ్డంగా కోసి ముక్కలు చేస్తే విభజన అనేయొచ్చు. కానీ సిద్దిపేట జిల్లాను చూడండి, పాత మెదక్, కరీంనగర్, వరంగల్ మూడింటి మండలాలూ అందులో ఉన్నాయి. విడదీసి మళ్లీ కలిపారు. అక్కడ పునర్వ్యవస్థీకరణే సరైన మాట అని నా అభిప్రాయం.

పునర్విభజనను నియోజకవర్గాలకు ఉంచేద్దాం. అది చట్టంలో స్థిరపడ్డ మాట. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభ స్థానాలు 294గానే ఉన్నాయి, వాటి హద్దులు మారాయి. మంత్రివర్గానికి వస్తే కొత్తవారిని చేర్చుకోవడం విస్తరణ. కొందరిని తీసి, కొందరిని చేర్చడం పునర్వ్యవస్థీకరణ. ఉన్నవారి శాఖలే మారితే శాఖల మార్పు. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య సభ బలంలో 15 శాతం దాటకూడదు. 175 మంది ఉన్న సభలో ముఖ్యమంత్రితో కలిపి 26. అప్పటికే 26 మంది ఉంటే విస్తరణ అన్న శీర్షికే అసాధ్యం. ఈ లెక్క ఒకసారి చూసుకుంటే మాట తప్పదు.

క్రమబద్ధీకరణ గురించి ఒక్క హెచ్చరిక. విడిగా చూస్తే ఒక క్రమంలో పెట్టడం. వాడుకలో అది చట్టబద్ధం చేయడం అయిపోయింది: లేఔట్ల క్రమబద్ధీకరణ, కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ. ‘ఫైళ్లను క్రమబద్ధీకరించారు’ అని రాస్తే ఆ ఫైళ్లలో ఏదో అక్రమం ఉందేమోనని పాఠకుడు అనుకునే రోజులివి.

మళ్లీ చేయడాన్ని చెప్పే ముందుమాటలు మూడు దారుల్లో ఉన్నాయి. సంస్కృత పదానికి పునః, ఇంగ్లీషు పదానికి రీ (రీసర్వే, రీషెడ్యూల్), తెలుగు క్రియకు తిరగ లేదా మళ్లీ (తిరగరాయు, మళ్లీ సర్దు). ‘పునర్ సర్దుబాటు’ వైరి సమాసం, సంస్కృతం మాటనీ తెలుగు మాటనీ అతికించినది. సర్దుబాటులోనే మార్చడం ఉంది కాబట్టి పునః అసలు అక్కర్లేదు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

సభలో ప్రశ్న: గొడవ సద్దుమణిగిందా, సర్దుమణిగిందా?

సద్దుమణిగింది. సద్దు అంటే చప్పుడు, శబ్దం నుంచి వచ్చింది. మణగడం అంటే అణగడం. ఊరు నిద్రపోయిన వేళ సద్దుమణిగింది అనేవారు. గొడవ సర్దుకోవడం అనే భావం దగ్గరగా ఉండటంతో జనం నోట సర్దుమణిగింది అయింది. పత్రికల్లో ఇప్పుడు రెండూ కనిపిస్తాయి. మీ డెస్కు సద్దునే వాడితే మంచిది. సంభాషణ రాస్తున్నప్పుడు పాత్ర నోట సర్దు వస్తే దిద్దకండి.

సభలో ప్రశ్న: తెలంగాణలో సదురు అంటాం. అది తప్పు రూపమా?

ఎంతమాత్రం కాదండీ. ఇల్లు సదిరింది, బట్టలు సదురుకున్నడు, నిండైన క్రియ అది. ఇవాళ సర్దు గురించి చెప్పుకున్నవి చాలావరకు దానికీ చెల్లుతాయి. ఆఫీసు నామవాచకంగా సర్దుబాటు ఒక్కటే స్థిరపడింది, అంతే తేడా.

సభలో ప్రశ్న: యాప్‌లు తెలుగు చేస్తుంటాం. బటన్ల మీద ఏం రాయాలి?

బటన్ నొక్కితే ఏం జరుగుతుందో చూడండి. తేదీ ప్రకారమో, అక్షర క్రమంలోనో యంత్రమే వరసపెడితే ‘వరసలో చూపు’ లేదా ‘క్రమంలో చూపు’. వాడేవారు వేలితో పట్టుకుని పైకీ కిందికీ జరుపుకుంటే ‘వరస మార్చు’. తెర మీద చెదిరిన బొమ్మలన్నీ గళ్లలోకి చేరితే ‘సర్దు’. ఫోల్డర్ల కట్టడమే మారిపోతే అప్పుడు పెద్దమాట గురించి ఆలోచించొచ్చు, అప్పుడైనా ‘ఫోల్డర్లు మార్చు’ సరిపోతుందేమో ముందు చూడండి. పునర్వ్యవస్థీకరించు అని చిన్న తెర మీద పెడితే మాట మధ్యలో విరుగుతుంది, నొక్కాక ఏమవుతుందో కూడా తెలియదు.